బియ్యం పళ్లెంలో వేలు

నా చెయ్యి మంచిదని చోడవరంలో పేరు. ఎవరింట్లో అక్షరాభ్యాసమైనా టీచరమ్మనని నన్నే పిలుస్తారు. పిల్లల వేలు పట్టుకుని బియ్యంలో మొదటి అక్షరాలు నేనే దిద్దిస్తాను. నా కూతురికి మాత్రం తొమ్మిదేళ్లొచ్చినా చదవడం రాలేదు.

"బుద్ధి లేక కాదమ్మా, దాని మెదడు అక్షరాన్ని వేరేగా పట్టుకుంటోంది. రోజూ పళ్లెంలో బియ్యం పోసి, పలికిస్తూ వేలితో రాయించండి. మెల్లగా మెదడులో కొత్త దారి పడుతుంది," అన్నారు విశాఖలో ఇలాంటి పిల్లలకి శిక్షణిచ్చే మేడమ్. నాలుగు నెలలు ఒక్కరోజు మానకుండా రాయించేను. ముత్యాల్లాంటి అక్షరాలు! రోజూ ఫొటో తీసి ఆవిడకి పంపేను.

మొన్న ఆవిడ ఎదుట సొంతంగా రాయమంటే మా పిల్లగుంట 'క' దగ్గరే ఆగిపోయింది.

"ఇంట్లో చెయ్యి పట్టుకుంటున్నారా?" అని అడిగేరు మేడమ్.

పట్టుకోకుండా ఎలా దిద్దిస్తారు? నా తెలివి తగలెయ్య! ఆ నాలుగు నెలలూ రాసింది నేనే.

ఇప్పుడు రెండు చేతులూ ఒళ్లో అదిమిపెట్టుకుని ఎదురుగా కూర్చుంటన్నాను. బియ్యంలో దాని వేలు కదలదు. ఊరందరి పిల్లలకీ పట్టిన చెయ్యి నాది.

"అమ్మా, ఒక్కపాలి పట్టుకోవే," అంటంది.