నా సందేశం కింద పడిపోయిన హెచ్చరిక

మా మరిది భుజం విరగడానికి కారణం నేను. ఆ నింద మోసింది రోహిణి. ఎనిమిదేళ్ళుగా ఈ రెండు మాటలూ నా గొంతుకు అడ్డుపడ్డ చేపముల్లు. ఇవాళ కక్కేస్తున్నాను.

భోగాపురం వైపు సముద్రపు ఒడ్డున, చేపల వేట మీద బతికే ఊరు మాది. యాభై దాటాక పెద్దల బడిలో అక్షరాలు దిద్దాను. అంతవరకూ వేలిముద్రే. మా వేటగాళ్ళ సంఘానికి నన్ను అధ్యక్షురాలిని చేశారు. ఎవరి దయా కాదు, ఒడ్డున నా అంత గట్టిగా బేరం చేసేది ఇంకొకతె లేదు. సంఘానికి వెబ్‌సైట్ కావాలన్నదీ నేనే. వేటకు వెళ్ళొచ్చా వద్దా అన్నది పొద్దున్నే ఫోనులో చూసుకోవాలని. కంప్యూటర్ చదువుకున్న రోహిణి చీపురుపల్లి నుంచి వచ్చి తయారుచేసింది.

పేజీ పైన నా ఫొటో పెట్టమన్నాను. చదువు వచ్చినందుకు దండేసి శాలువా కప్పినప్పటిది. కింద పెద్ద అక్షరాల్లో నా పేరు. దాని కింద చేంతాడంత నా సందేశం.

"పెద్దమ్మా, నీ ఫొటో వొద్దనటం నేదు, కిందెడతాను," అంది రోహిణి. "పొద్దున్నే ఒడ్డుకొచ్చినోడికి కావాల్సింది సముద్రం కబురు. అదే ముందుండాల."

"పేజీ ఎవులిదే? సంగందా, నీదా?"

"సదివేవోలది, పెద్దమ్మా."

"నోరు బాగున్నాది. ఫొటో పైనెట్టు."

"దండేసిన ఫొటో అంత పెద్దదెడితే, జనం పలకరింపుకొచ్చెస్తారు సూడు!"

నవ్వాను. అయినా పెట్టించాను.

ఎందుకంత పట్టుదల? బతుకంతా సిరా అంటిన బొటనవేలు చూపించిన మనిషి, తన పేరు అందరి చేతుల్లో వెలగాలనుకోవడం తప్పా? తప్పు కాదేమో. కానీ రోహిణికి కూడా తెలియనిదొకటి నాకు తెలుసు. ఆలస్యంగా అక్షరాలు నేర్చినవాళ్ళం పైపైన చూసి కిందికి దూకలేం. మొదటి అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఒక్కటీ వదలకుండా దిగుతాం. తెలిసి కూడా ఎందుకు గుర్తు చేసుకోలేదు?

మా మరిది బడిలో నా పక్కన కూర్చుని దిద్దినవాడు. వాళ్ళ పడవలో చదవడం వచ్చినవాడు అతనొక్కడే. ఆ ఉదయం ఒడ్డున నిలబడి తెర మీద వేలు పెట్టాడు. నా పేరు చదివాడు. నా సందేశం సగం చదివాడు. తోటివాళ్ళు కేకేశారు. అంతా బాగానే ఉన్నట్టుందనుకుని, ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడవెక్కాడు. "ఈరోజు వేటకు వెళ్ళవద్దు" అన్న మాట అన్నిటికంటే కింద ఉంది. మధ్యాహ్నానికి పడవ తిరగబడింది. అందరూ బతికి వచ్చారు. అతని కుడి భుజం విరిగింది. మళ్ళీ వేటకు వెళ్ళలేదు. ఒడ్డున కూర్చుని ఎడమచేత్తో వలలు బాగుచేస్తున్నాడు.

సంఘం కూర్చుంది. హెచ్చరిక అంత కిందెందుకుందని అడిగారు.

"పైనెట్టమని నానే సెప్పాను. ఈ పిల్లే కిందెట్టెసింది," అన్నాను.

ఒడ్డున నా మాటకు ఎదురులేదు. రోహిణి ఒక్కసారి నా వైపు చూసింది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పని వేరేవాళ్ళకిచ్చారు.

తరువాత ఆ పేజీని దగ్గరుండి మార్పించాను. ఇది గొప్పగానే చెబుతాను. తెరవగానే ఒకే మాట: వెళ్ళొచ్చు, లేదా వెళ్ళొద్దు. నా ఫొటో లేదు. పెద్దల బడిలో చదివిన ప్రతి మనిషి చేతిలో ఫోను పెట్టి, వేలు ఎక్కడ ఆగుతోందో చూశాను. ఇద్దరు తడబడిన మాటను తీసేయించాను. ఇప్పుడు పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి అలాగే చేయించుకుంటున్నారు. వద్దన్న రోజు మా ఊరి పడవ ఒక్కటీ కదలదు. శ్రీకాకుళంలో ఒక సభలో, ఈ ఆలోచన ఎలా వచ్చిందని నన్ను నిలబెట్టి అడిగారు. "మాలాటోలు ఎలా సదూతారో నాకు తెల్సు," అన్నాను. చప్పట్లు కొట్టారు. నిజమే అది. సగం నిజం. మిగతా సగం రోహిణి మాట, ఆమె పేరు నేను ఎత్తలేదు.

నన్ను క్షమించమని రోహిణిని అడగను. అడిగితే ఆ బరువూ మళ్ళీ ఆమె మీదే పడుతుంది. మా మరిదికి నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకే ఈ కాగితం. కానీ ఏ కాగితమిచ్చినా అతను మొదటి అక్షరం మీదే వేలు పెడతాడు. మధ్యలో ఎవరు కేకేసినా తప్పిపోకూడదని, అతనికి కావలసిన మాటే అన్నిటికంటే పైన పెట్టాను.