ఆవు వెంట సంచి పట్టుకుని

ఆ రోజుల్లో నాకు నిశ్శబ్దమంటే తగని మోజు. పాతబస్తీలో గాజుల దుకాణం మీది గదిలో, ఆటో హారన్ల మధ్య చదువుకున్నదాన్ని మరి. ఎమ్మెస్సీలో మా సారు, "ఎడారి మేతభూముల్లో ఆవులు ఏం తింటాయో చూడటానికి మీలో ఒకరిని రాజస్థాన్ పంపుతాను" అన్నప్పుడు ఆవుల సంగతి నా చెవికెక్కనే లేదు, ఎడారి ఒక్కటే ఎక్కింది. అక్కడ మనిషన్నవాడు కనిపించడట! కానీ సారు మెలిక పెట్టారు. ముందు ఇక్కడే ఒక ఆవు వెంట ఒక పూట తిరిగి పద్ధతి నేర్చుకుని రావాలి, సరిగా చేసినవాళ్ళకే ఆ చోటు.

పద్ధతులు చాలానే ఉన్నాయి. పేడను మైక్రోస్కోపు కింద పెట్టి ఆకు తునకలు వెతకడం ఒకటి. (అది మా సీనియర్ల పని. భోజనాలప్పుడు వాళ్ళ పక్కన ఎవరం కూర్చునేవాళ్ళం కాదు.) నా వంతుకు వచ్చింది, ఆవు ఏది కొరికితే నేనూ అదే, అంతే చేత్తో తుంచి సంచిలో వేసుకోవడం. చాంద్రాయణగుట్టలో పాల వ్యాపారం చేసే మా పెద్దమ్మకో ఆవుంది. అది తనిఖీ చేయని బండి ఆ వీధిలో లేదు కాబట్టి అందరూ దాన్ని ఇన్‌స్పెక్టరమ్మ అనేవారు.

"ఇంత సదివి ఆఖరికి ఆవు ఎంగిలి ఏరుతవా బిడ్డా?" అంది పెద్దమ్మ.

"ఎంగిలి కాదు పెద్దమ్మా, దాని పక్కది తుంచుకుంట."

"ఏదైతేంది. మొకానికి చున్నీ కట్టుకొని పో, సుట్టాలు జూస్తరు."

ఇన్‌స్పెక్టరమ్మ తిన్నగా కొత్తిమీర బండి దగ్గరికి వెళ్ళి ఒక కట్ట లాగింది. శాస్త్రం శాస్త్రమే కదా, నేనూ పక్క కట్టలోంచి గుప్పెడు లాగాను. బండి భాయ్ ఆవును వదిలేసి నన్ను పట్టుకున్నాడు. "గాయ్ తో జానవర్ హై బేటీ, దానికి తెల్వదు. నీకేమైంది?" అన్నాడు. ఎడారి, మేత, పద్ధతి అంటూ నేను నీళ్ళు నములుతుంటే పక్కనున్న పూలామె జాలిపడి అడ్డొచ్చింది. "పోనియ్ భాయ్, మొక్కున్నట్టుంది. పెండ్లి గాకుంటే గిట్లాంటివి మస్తు మొక్కుతరు" అంది. కాదని చెబుతూనే ఉన్నాను, వినేవారేరీ? నా పెళ్ళి కోసం వీధి వీధంతా నడుం కట్టింది. అరటిపండ్లాయన ఆవుకొకటి పెట్టి నాకొకటి ఇచ్చాడు. పూలామె ఆవుకు బంతిపూలు పెట్టి, నా సంచిలోనూ వేసింది. కార్డులు అచ్చేసే దుకాణం ముందు ఆవు ఒక పెళ్ళిపత్రిక అంచు కొరికితే, "ఇగ ఫికర్ లేదు, పని అయినట్టే" అని వెంటే వచ్చిన పూలామె తేల్చేసింది కూడా.

మర్నాడు సారు ముందు సంచి విప్పేటప్పుడు నా ఎడారి నాకు దక్కదనే అనుకున్నాను. ఆయన బంతిపూలు పక్కకు తీసి, చిరిగిన కార్డుముక్క ఎత్తి చూపించారు.

"ఇదేమిటి?"

"పెళ్ళిపత్రిక సార్. ఆవు అంచు మాత్రమే తిన్నది. అందుకే నేనూ అంచే తుంచాను."

సారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. "సామాను సర్దుకో" అన్నారు చివరికి.

అలా ఎడారి చేరాను. అక్కడి ఆవు పొద్దంతా గడ్డి మేసింది, నేను పొద్దంతా గడ్డి తుంచాను. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు. సాయంత్రానికి నాకు ఏడుపొచ్చి పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"ఏమైంది బిడ్డా?"

"ఈడ ఎవ్వరు ఏమంటలేరు పెద్దమ్మా."

"నేనంట గని, నువ్వు ఫోన్ పెట్టకు" అని ఆమె మొదలుపెట్టింది. నిశ్శబ్దం కోసం అంత ఆరాటపడిన ఆ పిల్ల, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని ఇసుకలో కూర్చుని, ఛార్జింగ్ అయిపోయేదాకా తిట్లు తింది. తలచుకుంటే ఇప్పటికీ దానిమీద నాకు నవ్వూ, కాస్త జాలీ.