బిజిలీ కాళ్లకు ఇనుము

2022 ఫిబ్రవరి. యాప్రాల్‌లో ఇళ్లు ఇంకా మొదలుకాని ఒక బీడు. పోయిన లోహపు వస్తువులను మెటల్ డిటెక్టర్‌తో వెతికిపెట్టడం నా పని. జారిపోయిన పుస్తెలు, ఉంగరాలు, మట్టి కప్పేసిన హద్దు కడ్డీలు, సాధారణంగా ఇలాంటి వాటికే పిలుస్తారు. ఆ రోజు మాత్రం ఒక గుర్రం కోసం వెళ్లాను.

పిలిచింది బోయిగూడ మహబూబ్ చాచా. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఒకప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ ముందు టాంగా నడిపేవాడు. ఆటో కొనుక్కున్నాక తన ఆడగుర్రం బిజిలీని బావమరిది గౌస్‌కు అప్పజెప్పాడు. దానితో ఇక పని చేయించనని, తన పొలంలో మేపుకుంటానని గౌస్ మాటిచ్చాడు. మూడేళ్లకు అది చనిపోయింది. కబురంది చాచా ఇక్కడికి, అప్పటి గౌస్ పొలానికి, వచ్చేసరికే మన్ను కప్పేశారు. చుట్టూ రాళ్లు పేర్చి వెళ్లాడు. తర్వాత ఎవరో అన్నారట, బిజిలీ చివరిదాకా రోడ్డు మీద కంకర బండి లాగిందని. గౌస్ కాదన్నాడు. చాచా నమ్మలేదు. ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు గౌస్ ఆస్పత్రిలో ఉన్నాడు. ఒక్కసారి వచ్చిపొమ్మని కబురు పెట్టాడు.

"పని లేని గుర్రానికి డెక్కల నాడాలు తీసేస్తరు బేటీ. గడ్డిల తిరిగేదానికి ఉత్త కాళ్లే హాయి. రోడ్డెక్కేదానికే ఇనుము," అన్నాడు చాచా. "కింద నాడాలుంటే గౌస్‌గాడు నాతోని అబద్ధం చెప్పినట్టు. లేకుంటే పోయి వాని కాళ్లు పట్టుకుంట."

"తవ్వి చూస్తే అయిపోతది గద చాచా?"

"దాన్ని లేపుతవా? జిందగీ అంతా ఉరికి ఉరికి ఇప్పుడు జెర పండుకున్నది."

రాళ్ల మధ్య పెద్ద కాయిల్ ఆడించడం మొదలుపెట్టాను. కాయిల్ అంటే కర్ర చివరన ఉండే గుండ్రటి పళ్లెం, మిషన్‌కు అదే చెవి. మొరం నేల కనుక గుంత లోతుగా తీయలేదన్నాడు చాచా, మిషన్‌కు అందుతుందని నా అంచనా. ఆయన ఒక రాయి మీద కూర్చుని బిజిలీ ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు.

"పొద్దుగాల బన్ను ముక్క పెట్టకుంటే అడుగు తీసేది కాదు."

"బన్ను తినే గుర్రమా!"

"ఉత్త బన్ను తినది. చాయ్‌ల ముంచియ్యాలె. మా బేగం సుత గంత నఖరాలు చెయ్యలే."

నవ్వుతూనే మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. ఎక్కడా చప్పుడు లేదు.

"ఏం లేదు చాచా," అన్నాను.

ఆయన లేచి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "యా అల్లా! ముప్పై ఏండ్లు వాన్ని..." అంటూ ఆటో కోసం రోడ్డు వైపు నడిచాడు. ఆ వయసులో అంత వేగం నేను అనుకోలేదు.

మిషన్ ఆపబోతూ స్క్రీన్ వైపు చూశాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అంతకు ముందే ఈ పని చెవితో నేర్చుకున్నాను కాబట్టి స్క్రీన్ చూడటం ఎప్పుడూ ఆఖరికే. డిస్క్రిమినేషన్ ఆన్‌లో ఉంది. ఫలానా లోహానికి మోగొద్దని మిషన్‌కు చెప్పిపెట్టడం అది. ముందురోజు నేరేడ్‌మెట్‌లో బంగారు గొలుసు వెతుకుతూ, మేకులకూ తీగలకూ ఊరికే మోగుతోందని ఇనుమును ఆపేశాను. మళ్లీ తెరవలేదు.

చాచా సగం దూరం వెళ్లిపోయాడు. పోనిస్తే ఏమవుతుంది? ఒక ముసలాయన ఇంకో ముసలాయన దగ్గరికి సంతోషంగా వెళతాడు. ఎవరికీ తెలియదు. కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాను. కానీ లేదని చెప్పింది నేను. ఉందో లేదో నాకే తెలియదు.

"చాచా, ఆగు! నాదే గలతీ. మిషన్‌ల ఇనుము బంద్ పెట్టి ఉండె."

ఆయన వెనక్కి వచ్చి అదే రాయి మీద కూర్చున్నాడు. ఈసారి ముచ్చట్లు మాని కాయిల్‌నే చూస్తున్నాడు. ఇనుము తెరిచి కాయిల్ ఆడించాను. ఒకటి మోగింది. జానెడు పక్కన ఇంకొకటి. కొంచెం అవతల మరో రెండు.

"మేకులు గిట్ల అయివుండొచ్చు చాచా."

"నాలుగు మేకులు, నాలుగు కాళ్ల కాడ," అన్నాడు. కిందికి దిగి మట్టి మీద అరచెయ్యి పెట్టాడు. "ఎంత నడిపిచ్చిండే నిన్ను." ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

రోడ్డు మీద ఆటో ఆపాను. బోయిగూడ అని చెప్పబోతుంటే చాచా నన్ను ఆపి, డ్రైవర్‌కు ఆస్పత్రి దారి చెప్పాడు.

"కొట్లాటకా చాచా?" అన్నాను భయంగా.

"తిడ్త. మంచిగ తిడ్త." కూర్చుని లుంగీ సర్దుకున్నాడు. "గని బిజిలీ ముచ్చట ఇంగెవరితోని చెప్పుకోవాలె బేటీ? దాన్ని ఎరికున్నోళ్లల్ల మేమిద్దరమే మిగిలినం."

అప్పటి నుంచి ఎవరికైనా లేదని చెప్పే ముందు, మిషన్‌లో ఏది ఆపి ఉందో వాళ్లకు వినబడేలా పైకి చదువుతాను. నేల కింద ఏముందో చెప్పడం వరకే నా పని. అది విన్న మనిషి ఎటు నడుస్తాడో నాకు ముందే తెలుసనుకోవడం ఆ రోజు నేను చేసిన రెండో తప్పు.