సునీత బ్యాడ్జి

బీఎస్సీ నర్సింగ్ పూర్తయ్యాక ఈ రోజు నా మొదటి ఇంటర్వ్యూ. కార్ఖానా ఏరియా వైపు ఒక చిన్న ఆసుపత్రి, పేరు చెప్పను. పద్మారావు నగర్ నుంచి ఆటోలో వెళ్లాను. నా ఫైల్ తెరవకుండానే మేనేజర్ ఒక యూనిఫాం చేతికిచ్చి, "జల్దీ ఏసుకొని ఐసీయూల నిలబడమ్మా" అన్నాడు. దానికి వేరెవరిదో 'సునీత' అన్న బ్యాడ్జి అప్పటికే ఉంది. పని చూసి తీసుకుంటారేమో అనుకున్నాను. నాలాగే ఇంకో ముగ్గురు కొత్తమ్మాయిలు, మంచానికొకరం.

నా మంచం మీద పెద్దావిడకు సెలైన్ ఎక్కుతున్న చెయ్యి బాగా వాచిపోయి ఉంది. ఎవరూ చూసినట్టు లేదు. ఆ సూది తీసేసి, రెండో చేతికి కొత్తది పెట్టాను. ఆవిడ నా బ్యాడ్జి చదువుకుని నవ్వింది.

అంతలో తనిఖీ అధికారులు వచ్చారు. నర్సుల తలలు లెక్కపెట్టుకుని, టీ తాగి వెళ్లిపోయారు. వాళ్ల కారు గేటు దాటగానే మేనేజర్ చెయ్యి చాపాడు.

"యూనిఫాం ఇచ్చి పో అమ్మా."

"మరి ఇంటర్వ్యూ సార్?"

"ఇంటర్వ్యూ ఏందమ్మా, తనిఖీ అయిపాయె గద. మళ్ల వాళ్లొస్తే ఫోన్ చేస్త."

నాలుగేళ్లు చదివింది ఇలా బొమ్మలా నిలబడటానికా? బట్టలు మార్చుకుని వస్తుంటే పెద్దావిడ పిలిచింది. "సునీత బేటీ, రాత్రి సుత నువ్వే ఉంటవా?"

"ఉంటానమ్మా" అనేశాను. అక్కడి అబద్ధంలో నా వాటా అది.

ఇంతకీ ఆ సునీత ఎవరో మీలో ఎవరికైనా తెలుసా? తెలిస్తే ఆమెకు కాస్త చెప్పండి, ఆ పెద్దావిడ చెయ్యి ఈ రాత్రి ఒకసారి చూడాలని.