అందిన నమూనాకు మాత్రమే

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక వేసవి చివర, గుంటూరులో నేను పనిచేసే ప్రైవేటు ఆహార పరీక్షల ల్యాబులో నన్ను పోషక విలువల విభాగానికి సీనియర్ అనలిస్టుగా వేశారు. ఆ ల్యాబుకు అన్నం పెట్టేది మిర్చి. విదేశాలకు వెళ్ళే ప్రతి లాటులోనూ పురుగుమందుల అవశేషాలు ఎంతున్నాయో తేల్చి చెప్పాలి. వాటిని పట్టే యంత్రం పక్కగదిలో తీరిక లేకుండా నడిచేది. నా గదికి వచ్చేవి పప్పులు, పిండ్లు, పాలపొడులు.

తొలకరి పడ్డ వారానికి పర్చూరు వైపు నుంచి మరియమ్మ అనే ఆవిడ స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. కూలిపనులకు వెళ్ళే మనిషి, ఊళ్ళో మహిళా సంఘానికి నాయకురాలు. డబ్బాలో ఉన్నవి వేయించిన ఉసిళ్ళు. తొలి వానకు పుట్టల్లోంచి లేచే రెక్కల చెదపురుగుల్ని దీపం పెట్టి పట్టి, రెక్కలు చెరిగి, మూకుట్లో వేయించి తినడం ఆ ఊళ్ళలో పాత అలవాటే. వాటిని పొడి కొట్టి పిండిలో కలిపి అమ్మాలని సంఘం ఆలోచన. వీటిలో బలం ఉందని ఒక కాయితం ఇస్తే చాలంది.

నాకు సరదా పుట్టింది. నమూనాలోని నైట్రోజన్‌ను కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి మాంసకృత్తులు కడతాం. పురుగు పెంకులో ఉండే, మాంసకృత్తులది కాని నైట్రోజన్ కూడా అందులో కలిసిపోతుంది కాబట్టి మామూలు గుణకం వాడితే లెక్క ఎక్కువొస్తుంది. నేను తగ్గించే కట్టాను. ఆ జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. తగ్గించినా మాంసకృత్తులు దండిగా ఉన్నాయి, కొవ్వు, ఇనుము కూడా బాగున్నాయి. అవశేషాల పరీక్ష దరఖాస్తులో అడగలేదు. అడగని పరీక్ష చెయ్యకపోవడం మా పద్ధతి.

మరియమ్మకు అంకెలన్నీ తెలుగులో చదివి చెప్పాను. 'ఈ ఫలితాలు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి' అని అడుగున ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉండే వరస మాత్రం చదవలేదు. అది ప్రతి రిపోర్టులోనూ ఉండేదే. లేవబోతూ ఆవిడ, కూతురు సునీతకు రక్తం తక్కువని, పెళ్ళయి ఆరేళ్ళయినా కడుపు పండలేదని, ఇవి పెడితే మంచిదేనా అని అడిగింది. మంచిదే, పెట్టమన్నాను.

మరుసటేడు తొలకరి తర్వాత మళ్ళీ వచ్చింది. చేతిలో చిన్న పొట్లం.

"సునీత ఆస్పత్రిలో ఉంది మేడమ్. ఐదో నెల. ఇవి తిన్న పూటే వాంతులు పట్టుకున్నాయి. బిడ్డ పోయింది."

పొట్లాన్ని నేనే పక్కగదికి తీసుకెళ్ళి యంత్రానికి పెట్టించాను. మిర్చి లాటులో కనబడితే వెనక్కి పంపించే మందే అందులో కనబడింది, అదీ చాలా ఎక్కువగా. బిడ్డ పోవడానికి అదే కారణమని డాక్టర్లు తేల్చి చెప్పలేదు. ఇప్పటికీ నాకూ తెలియదు.

ఎక్కడ పట్టారని అడిగాను.

"మిర్చి చేల గట్ల మీద మేడమ్. అక్కడ పుట్టల్లో మందు పోస్తారు. ఇదివరకు అక్కడివి ముట్టేవాళ్ళం కాదు, చర్చి వెనక బీడులోవే పట్టేవాళ్ళం. మీ కాయితం వచ్చాక, ఉసిళ్ళన్నీ మంచివే గదా అనుకున్నాం."

ఆవిడ కోపంగా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ ఊరివాళ్ళు తరాలుగా పాటించిన జాగ్రత్తను నా సంతకం ఒక్క ఏడాదిలో చెరిపేసింది.

సునీత కోలుకుంది. సంఘం పొడి మానేసింది. మిగిలిన సర్వీసులో నేను సంతకం పెట్టిన ప్రతి రిపోర్టులోనూ ఏ పరీక్షలు చెయ్యలేదో మొదటి వరసలోనే, తెలుగులో రాయించాను. మిర్చికైతే అవశేషాల పరీక్ష అడగడానికి సముద్రం అవతల కొనేవాడున్నాడు. సునీత కోసం అడగాల్సింది నేను. ఆ యంత్రం నా గది గోడకు అవతలే ఉంది.