నోట బుట్ట, చేతిలో గాలం

చీరాల దగ్గరి ఉప్పుటేరు గట్టున నాకొచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. మాది వరంగల్. ఎరకు బదులు రబ్బరు చేప కట్టి గాలం వేయాలన్న సరదాతో అక్కడికి వెళ్ళాను. పక్కనే గాలం వేస్తున్న గుంటూరాయన నా పెట్టెలోకి చూసి నవ్వాడు.

"వీడ్‌లెస్ హుక్కులా? ముల్లు రబ్బరులో దాచేస్తే చేపకేం గుచ్చుకుంటుందండీ?"

"నాచుకు తగులుకోదు కదండీ," అన్నాను.

ఏటిలో నడుము లోతున ఒకామె వంగి, అడుగున చేతులతో తడుముతూ రొయ్యలు పడుతోంది. పట్టినవి వేసుకునే బుట్టను పళ్ళతో కరుచుకుంది. అలా పట్టడం నేనెక్కడా చూడలేదు.

ఆయన ముల్లు బయటికున్న తన రబ్బరు చేప గాలాన్ని అటే విసిరాడు.

"అక్కడ మనిషుందండీ!"

"ఆమె చూసుకుంటుందిలెండి."

కాసేపటికి దారం బిగిసింది. "పెద్దదే పడింది!" అంటూ లాగాడు. నీళ్ళలోంచి ఆమె చెయ్యి పైకి లేచింది. అరచేతిలో ముల్లు దిగి ఉంది. నోరు తెరిస్తే రొయ్యలన్నీ నీళ్ళపాలవుతాయి, అందుకని అరవలేదు. అలాగే నడిచొచ్చి, బుట్ట గట్టున దించాకే నోరు తెరిచింది.

"కళ్ళేమన్నా పొయ్యాయా? నీళ్ళల్లో మనిషి కనపళ్ళా?"

"అరిచుంటే లాగేవాణ్ణి కాదుగా అమ్మా! ఆ రబ్బరు చేప జాగ్రత్త, కొత్తది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాగానే గుచ్చుకుందండీ మీ ముల్లు," అంటూ ఆయన దారం కోసిపారేశాను.

ఆసుపత్రికి రమ్మన్నాను. ఆమె దెబ్బ తగిలిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, బుట్టను మళ్ళీ పళ్ళతో అందుకుంది. దారి పొడుగునా ఆమె తరఫున ఆయన్ని నేనే తిట్టాను.