ఎనిమిది ట్యాంకుల పెట్రోలు

మొన్న మా కాలనీ పార్కులో గడ్డి కోయడానికి ఒక మనిషి భుజాన మిషన్ తగిలించుకుని వచ్చాడు. బెంచీ మీద పేపరు చదువుకుంటున్న నాకు ఆ చప్పుడు చెవిన పడగానే అక్షరాలు అలుక్కుపోయాయి. నా వయసువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే ఆ టూ స్ట్రోక్ ఇంజన్ చప్పుడూ, ఆ నీలిపొగ వాసనా మన యౌవనమంతా మన వెంటే తిరిగాయి. వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని పక్కదారి పట్టారు గాని, నేను మాత్రం పేపరు మడిచి ఆ మనిషి పని ముగించేదాకా అక్కడే కూర్చున్నాను. నాకు మా బావమరిది గుర్తొచ్చాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇప్పుడు మెట్రో స్తంభాలు ఉన్నచోట ఒకప్పుడు నా రేకుల షెడ్డు ఉండేది. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా అక్కడ స్కూటర్లు బాగుచేసి బతికాను. నా భార్య తమ్ముడు కూడా నా వెనకే పట్నం వచ్చి, ఎల్.బి.నగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని, సిటీ బస్సు డ్రైవరుగా కుదురుకున్నాడు. అన్నేళ్ళ సర్వీసులో మూడో గేరు దాటిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని వాడే నవ్వుతూ చెప్పేవాడు. స్టాపు స్టాపుకూ ఆగడం, ఆటోల వెనక పాకడం, అదే వాడి డ్రైవింగు. అలాంటివాణ్ణి, గుండె బలహీనపడిందని చెప్పి డాక్టర్లు ఒకరోజు ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు.

ఇంట్లో కూర్చున్న మనిషి ఊరుకోడు కదా. వనస్థలిపురంలో ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒకాయన దగ్గర రిమోట్‌తో నడిచే పెట్రోలు కారు ఒకటి కొనుక్కొచ్చాడు. దాన్ని బొమ్మ అంటే వాడికి కోపం. మూడడుగుల పొడవుండేది, వెనక కొబ్బరికాయంత ఇంజన్, తాడు లాగి స్టార్ట్ చేయాలి. వాళ్ళక్క, అంటే మా ఆవిడ, ఈ వయసులో ఇదేం పోయేకాలమని తిట్టిపోసింది. వాడేమో మొదటిరోజే బంకు నుంచి వట్టి పెట్రోలు తెచ్చి నింపేశాడు. బస్సు డ్రైవర్ల తీరే అంత, ఎక్కి నడపడం వాళ్ళ పని, ఆయిలు సంగతులు డిపోలో వేరేవాళ్ళు చూసుకుంటారు. ఆయిలు లేని టూ స్ట్రోక్ ఎంతసేపు తిరుగుతుంది? పావుగంటలో పట్టేసింది. ఆ కారును ఒళ్ళో పెట్టుకుని ఆటోలో నా షెడ్డు ముందు దిగినప్పుడు వాడి ముఖం చూడలేకపోయాను. విప్పి చూస్తే సిలిండర్ లోపలంతా గీతలు, పిస్టన్ అతుక్కుపోయింది. స్కూటర్‌కైతే సిలిండర్ లోపల చెక్కించి బోరు చేయించేవాణ్ణి, అంత చిన్నదానికి అది కుదరదు. కొత్త ఇంజనే వేయాలి.

మందు కొట్టే పంపులూ గడ్డి మిషన్లూ అమ్మే షాపులో నాకు పాత పరిచయం ఉంది, ఆయనే ఇలాంటి ఇంజన్లు తెప్పించి పెట్టాడు. కౌంటరు మీద రెండున్నాయి. ఒకటి పాతదాని కొలతే. రెండోది కొంచెం పెద్దది, నాలుగు బోల్టుల సిలిండరు, బాణంలా లాక్కుపోతుంది గాని వేడెక్కుతుంది, ఏడాది తిరక్కుండానే రింగులు అరిగిపోతాయని షాపాయన చెప్పాడు. నేను రెండింటికీ తాడు మెల్లగా లాగి బిగువు చూశాను, పొగ పోయే రంధ్రంలో వేలు పెట్టి నునుపు చూశాను, బిగించే తొర్రలు మా కారుకు సరిపోతాయో లేదో కొలిచాను. ఇన్ని చూసినా పక్కన స్టూలు మీద కూర్చుని ఆయాసపడుతున్న మనిషిని మాత్రం చూడలేదు. చిన్నది తీసుకుంటే పదేళ్ళు ఢోకా లేదన్నాను.

వాడు పెద్దదాని మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నాడు. "పదేండ్లు నేనేం జేసుకుంట బావా? గీ పెద్దది వెట్టు. ఒక్కపారి గట్టిగ ఉరికితె సూడాలె, గంతే."

"ఇంజన్ సంగతి నాకిడిసిపెట్టు" అని కసిరాను. నా పనిలో ఒకరు వేలు పెడితే నాకు పడదు. కానీ అసలు సంగతి అది కాదు. డాక్టర్లు ఏం చెప్పారో నాకూ తెలుసు. పదేళ్ళు వచ్చే ఇంజన్ బిగిస్తే పదేళ్ళూ వాడు ఉంటాడని మనసులో ఎక్కడో ఒక పిచ్చి ఆశ. పెద్దది వేస్తే వాడు పోతాడని నేనే ఒప్పుకున్నట్టవుతుందని భయం. వాడు పెద్దదాని మీద నుంచి చెయ్యి తీసేశాడు.

అక్కడితో ఆగానా? మన రోజుల్లో కొత్త స్కూటర్‌ను మొదట కొన్నాళ్ళు మెల్లగా నడపాలనేవాళ్ళం, రన్నింగ్ ఇన్ అని మీకు గుర్తుండే ఉంటుంది. మాట వినని కుర్రాళ్ళ బండ్లకైతే నేనే యాక్సిలరేటర్ సగానికి మించి తిరగకుండా బిగించి పంపేవాణ్ణి. అదే వైద్యం ఈ కారుకూ చేశాను. కార్బరేటర్ దగ్గర ఒక స్క్రూ అడ్డం పెట్టి, ఎనిమిది ట్యాంకుల పెట్రోలు అయ్యేదాకా సగం వేగమే అని తేల్చి చెప్పాను. వారానికి ఒక్క ట్యాంకే, అదీ మధ్యమధ్య చల్లార్చి.

ఆదివారం పొద్దున్నే మీర్‌పేట్ అవతల, ఇంకా ఇళ్ళు లేవని ఒక ప్లాట్ల వెంచర్లో ఖాళీగా పడున్న సిమెంటు రోడ్డు మీదికి పోయేవాళ్ళం. నేను ఆయిలు కొలిచి కలిపేవాణ్ణి, వాడు గట్టు మీద కూర్చుని రిమోట్ పట్టుకునేవాడు. కారు గుర్రుమంటూ సిటీ బస్సులాగే నింపాదిగా పోయి వచ్చేది. నాలుగో ట్యాంకు రోజున, ఇయ్యాల ఒక్కసారి ఆ స్క్రూ ఇప్పరాదా బావా అని అడిగాడు. ఇంకా నాలుగున్నాయన్నాను. ఆరో ట్యాంకు రోజున మళ్ళీ అడుగుతాడేమో అనుకున్నాను గాని అడగలేదు. అడగనందుకు నేను సంతోషించాను కూడా, తోవకు వచ్చాడని.

ఆ వారంలోనే దవాఖానలో చేర్చారు. చూడటానికి పోయినప్పుడు, ఇంక రెండు ట్యాంకులే, నువ్వు ఇంటికి రాగానే విప్పేస్తానని ధైర్యం చెప్పాను. వాడు నా చెయ్యి పట్టుకుని, ఎంతో మర్యాదగా, చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి పలకరించినట్టు అడిగాడు.

"నీ ఇంజన్ మంచిగున్నదా బావా?"

నా ఇంజనట. శనివారం పోయాడు.

దినాలన్నీ అయ్యాక, వాడి భార్య ఆ కారును ఒకసారి నడిపి చూపించమంది. ఆమెను వెంటబెట్టుకుని అదే రోడ్డు మీదికి పోయాను. నా పాడు బుద్ధి చూడండి, మిగిలిన రెండు ట్యాంకులూ సగం వేగంతోనే తిప్పాను, ఆమె ఎండలో ఓపిగ్గా నిలబడింది. అప్పుడు గాని స్క్రూ విప్పడానికి చేతులు రాలేదు. మీట పూర్తిగా నొక్కితే కారు కీచుమని అరిచి, కళ్ళు మూసి తెరిచేలోగా రోడ్డు చివరికి పోయి చిన్న చుక్క అయింది.

ఆమె అటే చూస్తూ అడిగింది. "గింతేనా అన్నా, ఆయన అడిగింది?"

అంతేనమ్మా అన్నాను. 

ఇప్పటి బండ్లకు రన్నింగ్ ఇన్ అంతగా పట్టించుకోనక్కర్లేదట. షోరూం నుంచి బయటికి తీసినరోజే పిల్లలు రింగు రోడ్డు ఎక్కించేస్తున్నారు. ఒకప్పుడైతే పిలిచి మరీ చీవాట్లు పెట్టేవాణ్ణి, ఇప్పుడు తల తిప్పుకుంటున్నాను. మెల్లగా వాడితే చాలాకాలం వస్తుందన్న ఒక్క మాట మీద మన తరం బతికేసింది. కొత్త గిన్నెలు అటక మీద, పట్టుచీరలు బీరువాలో, చివరికి టీవీ రిమోట్‌కు కూడా ప్లాస్టిక్ కవరు. అలా దాచుకోవడం తప్పని నేననను, చాలా ఇళ్ళు దానివల్లే నిలబడ్డాయి. ఎవరికి ఎంత వ్యవధి ఉందో చూసుకోవడమే మనకు చేతకాలేదు. ఆ ఇంజన్ ఇప్పటికీ ఒక్క లాగుకే అందుకుంటుంది, పదేళ్ళు వస్తుందని నేనన్న మాటా నిజమయ్యేలాగే ఉంది. మా బావమరిదిని మాత్రం సగం వేగంతోనే సాగనంపాను.